‘ది రిటర్న్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ హాస్య చిత్రమేనా? మేడ మీద ప్రదర్శన తరువాత ఒక సందేహం

పానగల్లు_చెరువు
గత ఆదివారం రాత్రి నల్లగొండలో మా ఇంటి మేడ మీద తెల్ల దుప్పటి కట్టి, అద్దెకు తెచ్చిన ప్రొజెక్టర్‌తో ఈ చిత్రాన్ని చూపించాను. చుట్టాలు, ఇరుగుపొరుగు కలిపి పద్దెనిమిది మంది వచ్చారు. 1985లో డాన్ ఓబానన్ మొదటిసారి దర్శకత్వం వహించిన ఈ చిత్రాన్ని ‘కడుపుబ్బ నవ్వించే జాంబీ సినిమా’ అని చెప్పే అందరినీ పిలిచాను.

మొదటి అరగంట నేను చెప్పినట్టే గడిచింది. వైద్య కళాశాలలకు శవాలు, అస్థిపంజరాలు సరఫరా చేసే గోదాములో పాత ఉద్యోగి ఫ్రాంక్, ఆ రోజే పనిలో కుదిరిన ఫ్రెడ్డీని నేలమాళిగకు తీసుకుపోయి సైన్యం వాళ్ల పీపాలు చూపిస్తాడు. ఇవి కారవు కదా అని ఆ పిల్లవాడు అడిగితే, అమెరికా సైన్యం ఇంజనీర్లు చేసినవి ఎందుకు కారతాయని ఫ్రాంక్ ఒక పీపాను అరచేత్తో చరుస్తాడు. వెంటనే విషవాయువు ఇద్దరి ముఖాల మీదికి చిమ్ముతుంది. మా మేడ మీద ఒకటే నవ్వులు. సగానికి నిలువుగా కోసిన కుక్క నమూనా ప్రాణం పోసుకుని కుంయ్‌మన్నప్పుడు చిన్నపిల్లలు లేచి గంతులు వేశారు.

చివరికి వచ్చేసరికి, తాను బతికుండగానే శవంగా మారుతున్నానని తెలిసిన ఫ్రాంక్, వేలికున్న పెళ్లి ఉంగరాన్ని తీసి పెట్టి, శవాలను కాల్చే కొలిమిలోకి తనంతట తానే వెళ్లిపోతాడు. ఆ దృశ్యం నడుస్తుండగా మా పెదనాన్న లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా మెట్లు దిగిపోయారు. నాలుగు రోజులైనా ఆ సినిమా ఊసు ఎత్తలేదు. నేను దీన్ని హాస్య చిత్రమని చెప్పి పిలవడమే తప్పా? ఇన్నేళ్లుగా దీన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు నవ్వు కోసం గుర్తుపెట్టుకున్నారా, మరి దేని కోసం?

గద్వాల_అంచు
తప్పేమీ లేదు, అది హాస్య చిత్రమే. 1968లో జార్జ్ రొమెరో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’కు రచనలో పాలుపంచుకున్న జాన్ రూసో, ఆ తరువాత రొమెరోతో విడిపోయారు. ‘లివింగ్ డెడ్’ అన్న మాటను పేరులో వాడుకునే హక్కు రూసోకు మిగిలింది. రొమెరో తన తరువాతి చిత్రాలకు ‘డెడ్’ అని మాత్రమే పెట్టుకున్నారు. రూసో కథ హక్కులు చేతులు మారి ఓబానన్ దగ్గరికి వచ్చినప్పుడు, రొమెరో దారిలో గంభీరంగా తీస్తే అది ఆయన సొత్తులో చేయి పెట్టినట్టవుతుందని భావించి, ఓబానన్ కావాలనే హాస్యం వైపు తిప్పారు. తీసినవాడి ఉద్దేశమే నవ్వించడమైతే ఇక సందేహం ఎక్కడిది?

మిర్యాలగూడ_మిల్లు
గద్వాల గారి మాటకు ఒకటి కలుపుతాను. ఆ చిత్రంలోనే ఫ్రాంక్, రొమెరో సినిమా నిజంగా జరిగిన సంఘటన ఆధారంగా తీశారనీ, సైన్యం బెదిరించడంతో వివరాలు మార్చారనీ ఫ్రెడ్డీకి చెబుతాడు. పాత సినిమాను అబద్ధం చేసి, ఆ అబద్ధం మీద కొత్త కథ కట్టడం నాకు ఎంతో నచ్చింది. ఆ మాట నమ్మే వాళ్లు మొదటి శవం తలలోకి గుద్దలి దించుతారు. అయినా అది చావదు. సినిమాలో చెప్పింది అబద్ధమా అని తెల్లమొహం వేస్తారు.

పీపా సంగతి అంటారా, మా మిల్లులో ‘ఇది కారదు’ అని ఎవరైనా చరిచి చూపించిన పీపా ఏదీ కారకుండా ఉండలేదు.

పాలమూరు_పాత_క్యాసెట్
నేను దీన్ని 1992లో మహబూబ్‌నగర్‌లో ఒక వీడియో పార్లర్‌లో చూశాను. రెండు రూపాయల టికెట్, నేల మీద జంపఖానా, బయట బండి మీద మిరపకాయ బజ్జీలు. క్యాసెట్ మీద అసలు పేరు చిరిగిపోతే, ఆ పార్లర్ ఆయన స్కెచ్ పెన్నుతో ‘దయ్యాలు-3’ అని రాసి అంటించాడు. పదో తరగతి చదువుతున్న మాకు ఇంగ్లీషు అర్థమయ్యేది కాదు.

అయినా ఒక దృశ్యం ముప్పై ఏళ్లు నాతోనే ఉంది. నడుము కింద శరీరమే లేని ఒక ముసలి శవాన్ని బల్లకు కట్టేసి ప్రశ్నలు అడుగుతుంటారు. వెన్నుపూస ఒక్కటే వేలాడుతూ పాము తోకలా కదులుతుంటుంది. ఆ శవం జవాబు చెబుతుంది. ఏం చెబుతుందో తెలియదు కానీ, ఆ గొంతులో ఉన్నది బాధ అని మాత్రం మాకందరికీ తెలిసింది. పార్లర్‌లో బజ్జీల కాగితం చప్పుడు కూడా ఆగిపోయింది.

పెద్దయ్యాక తెలుగు ఉపశీర్షికలతో ఎవరో పెట్టిన ముక్క చూస్తే అసలు సంగతి తెలిసింది. మీరు మనుషులను ఎందుకు తింటారు అని అడిగితే, మనుషులను కాదు, మెదళ్లను తింటాము అంటుంది ఆ శవం. ఎందుకు అంటే, చచ్చిపోయినందువల్ల కలిగే నొప్పి అప్పుడు తగ్గుతుంది అంటుంది. నేను కుళ్లిపోతున్నది నాకు తెలుస్తూనే ఉంటుంది అంటుంది.

మన బేతాళుడు శవంలో దూరి విక్రమార్కుడి భుజం మీద కూర్చుని చిక్కు ప్రశ్నలు వేస్తాడు. అక్కడ శవం అడుగుతుంది, బతికినవాడు జవాబు చెప్పాలి. ఇక్కడ బతికినవాళ్లు అడుగుతున్నారు, శవం దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. చిన్నప్పటి నుంచి బేతాళ కథలు చదివిన నాకు ఆ తలకిందులు చేసిన పద్ధతి లోపల ఎక్కడో తగిలింది. గద్వాల గారూ, ఇది నవ్వులాట కోసం రాసిన మాట అని మీరు నిజంగా అనుకుంటున్నారా?

మిర్యాలగూడ_మిల్లు
ఇన్నేళ్లుగా దీన్ని దేని కోసం గుర్తుపెట్టుకున్నారని పానగల్లు గారు అడిగారు కనుక, మెదళ్ల సంగతి ముందు చెప్పుకోవాలి. ఈ రోజు ఏ పిల్లవాడిని జాంబీలా నటించమన్నా చేతులు చాచి ‘బ్రెయిన్స్’ అంటాడు. రొమెరో చిత్రాల్లో జాంబీలు మాంసం తింటాయి, మెదడునే ఏరుకుని తినవు. మెదళ్లు కావాలని నోరు తెరిచి అడగడం ఈ 1985 చిత్రంతోనే వచ్చింది. నల్లటి తారు కారుతూ పీపాలోంచి లేచి వచ్చే ‘టార్‌మ్యాన్’ ఆ మాట అన్నాక, 1992లో అమెరికా కార్టూన్ సీరియల్ ‘ది సింప్సన్స్’ హాలోవీన్ భాగంలో దాన్నే వాడుకున్నారు. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. పరుగెత్తే జాంబీలు కూడా మొదట ఇందులోనే కనిపించాయి.

భువనగిరి_బండ
మెదళ్ల విషయంలో మీతో ఏకీభవిస్తాను, పరుగు విషయంలో కాదు. 1980లోనే ఇటలీలో ఉంబెర్తో లెంజీ తీసిన ‘నైట్‌మేర్ సిటీ’లో రేడియేషన్ సోకినవాళ్లు ఆయుధాలు పట్టుకుని పరుగెత్తుతారు. వాళ్లు శవాలు కారు, రోగులు అని ఎవరైనా వాదించవచ్చు. కానీ అదే లెక్కన 2002లో వచ్చిన ‘28 డేస్ లేటర్’లో పరుగెత్తేవాళ్లు కూడా శవాలు కారు. మన అభిమానం మీద గౌరవం నిలవాలంటే మనం చెప్పే ‘మొట్టమొదట’ అన్న మాట గట్టిగా ఉండాలి.

మిర్యాలగూడ_మిల్లు
ఒప్పుకుంటున్నాను. ‘మొదట’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పరుగెత్తుతూ, మాట్లాడుతూ, ఎత్తు వేసే శవాలు ఇందులో ఉన్నాయని మార్చి చదువుకోండి.

వనపర్తి_వైద్యుడు
మీరెవరూ ప్రస్తావించని ఒక మాట ఆ గోదాము దృశ్యంలో ఉంది, అది మన దేశానికి సంబంధించినది. అస్థిపంజరాలు ఎక్కడి నుంచి వస్తాయని ఫ్రెడ్డీ అడుగుతాడు. అంతర్జాతీయ ఒప్పందం ఉంది, అన్నీ ఇండియా నుంచే వస్తాయి అంటాడు ఫ్రాంక్. ఎందుకలా అంటే అతనికి తెలియదు. అయినా పలువరుస చెక్కుచెదరని ఇన్ని అస్థిపంజరాలు ఎలా దొరుకుతున్నాయో అని అతనే ఆశ్చర్యపోతాడు. అమెరికా ప్రేక్షకులు దాన్ని హాస్యంగా తీసుకుని ఉంటారు.

ఒప్పందం కల్పన కావచ్చు కానీ, వ్యాపారం నిజం. దశాబ్దాల పాటు ప్రపంచంలోని వైద్య కళాశాలలకు మనుషుల ఎముకలు ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లాయి, అప్పటి కలకత్తా ఆ వ్యాపారానికి కేంద్రం. భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించిన సంవత్సరం 1985, అంటే ఈ చిత్రం విడుదలైన సంవత్సరమే. తెర మీద ఆ మాట వినిపించే నాటికి ఆ సరుకు అధికారికంగా ఆగిపోతూ ఉంది.

నేను ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో చేరినప్పుడు సీనియర్ దగ్గర ఎముకల సెట్టు కొన్నాను. పాత బియ్యం సంచిలో కట్టి ఇచ్చాడు. పక్కటెముకలు వరుస తప్పకుండా దారంతో గుచ్చి ఉన్నాయి, పుర్రె దవడకు చిన్న స్ప్రింగు. పై పలువరుసలో ఒక దంతం గారపట్టి ఎర్రగా ఉంది, జీవితమంతా ఆకు వక్క నమిలిన మనిషి అయి ఉంటుంది. ఆ సెట్టు మీదే ఏడాదంతా చదివాను. ఆ మనిషికి ఒక ఊరు, ఒక పేరు ఉండి ఉంటాయని నాకు మొదటిసారి తోచింది చదువుకునేటప్పుడు కాదు, పదేళ్ల తరువాత ఈ సినిమాలో ఆ మాట విన్నప్పుడు. పానగల్లు గారి ప్రశ్నకు నా జవాబు ఇది. నేను ఆ చోట నవ్వలేకపోయాను. అయినా ఆ మాట నవ్వులో పెట్టి చెప్పకపోతే నా దాకా వచ్చేది కాదు.

సోమశిల_పడవ
డాక్టర్ గారూ, ఈ సినిమాను నాలుగుసార్లు చూసి కూడా ఆ మాటను గాలికి వదిలేశాను. ఈ రాత్రికి మళ్లీ చూస్తాను.

మర్రిగూడ_మంచినీళ్లు
నాకు సినిమాల చరిత్ర అంతగా తెలియదు. మా అబ్బాయి ఫోన్‌లో ఈ చర్చ చూపించి, సినిమా కూడా పెట్టాడు. నేను చూసినదే చెబుతాను.

వాయువు పీల్చిన ఫ్రాంక్‌నూ ఫ్రెడ్డీనీ అంబులెన్స్ వాళ్లు పరీక్షిస్తారు. నాడి అందదు, రక్తపోటు లేదు, ఒంటి వేడి గదిలో ఉన్న వేడితో సమానం. ఇద్దరూ మాట్లాడుతూనే ఉంటారు. తరువాత కాళ్లూ చేతులూ బిగుసుకుపోవడం మొదలవుతుంది. ఫ్రెడ్డీ వెన్ను విల్లులా వంగిపోయి అరుస్తుంటే, అతని ప్రేయసి తలను ఒడిలో పెట్టుకుని ఓదారుస్తుంటుంది. అది చూస్తున్నప్పుడు మా అమ్మే కనిపించింది.

మా మండలం ఫ్లోరైడ్‌కు పేరు పడిందని మీకు తెలుసు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని లెక్క ఉన్నా, ఆ లెక్క మాకు తెలిసేసరికి ఒక తరం అదే బోరు నీళ్లు తాగి పెరిగింది. మా అమ్మ మెడ తిరిగేది కాదు. ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేది. చివరి ఐదారేళ్లు నులక మంచం మీదే, పక్కకు ఒత్తిగిలాలన్నా ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చేది. మనిషి నిండా బతికే ఉంది, మాటలో ఏ తేడా లేదు, ఎముకలు మాత్రం ముందే బిగుసుకుపోయాయి.

ఈ సినిమాలో కాల్చిన శవం పొగ మబ్బుల్లో కలిసి, వానై కురిసి, శ్మశానం మట్టిలోకి ఇంకుతుంది. ఎవరో ఎక్కడో చేసిన పొరపాటు నీళ్లలో కలిసి భూమిలోకి దిగింది. మా నీళ్లలోది ఎవరి తప్పూ కాదు, రాతిలోనే ఉన్నది. అయినా నేల కింది నుంచి లేచి వచ్చేదాన్ని చూసి భయపడటం మాకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. మా అబ్బాయి నవ్విన చోట్ల నేనూ నవ్వాను. ఫ్రెడ్డీ అరిచినప్పుడు మాత్రం ఫోన్ బోర్లించి పెట్టాను.

గద్వాల_అంచు
అమ్మ గురించి మీరు రాసింది చదివాక కొంతసేపు ఏమీ రాయలేకపోయాను. మీ అనుభవాన్ని నేను కాదనను. కానీ ఒక సినిమాలో మనకు కనిపించినదంతా అందులో ఉన్నదే అనుకుంటే, తీసినవాడికి అన్యాయం చేసినట్టవుతుందేమో అని నా భయం. చచ్చిన శవం అంబులెన్స్ రేడియో తీసుకుని ‘ఇంకా పారామెడిక్స్‌ను పంపండి’ అంటుంది. అది వట్టి హాస్యమే. అందులో ఏ గూఢార్థమూ లేదు, అవసరమూ లేదు. ఆ మాట రాసిన మనిషి మన నవ్వు కోసం ఎదురు చూశాడు. ఆ నవ్వును మనం తక్కువ చేయకూడదు.

పాలమూరు_పాత_క్యాసెట్
ఆ రేడియో మాటకు పార్లర్‌లో నేనూ విరగబడి నవ్విన మాట నిజం. కాదనను. కానీ తీసినవాడి పేరు చెబుతున్నారు కనుక ఆయన సంగతి కొంచెం చూడండి. డాన్ ఓబానన్‌కు క్రోన్స్ వ్యాధి ఉండేది, పేగులను తొలిచే జబ్బు. 2009లో ఆయన కన్నుమూసింది కూడా దానివల్లే. 1979 నాటి ‘ఏలియన్’కు కథ, స్క్రీన్‌ప్లే రాసింది ఈయనే. అందులో మనిషి ఛాతీ చీల్చుకుని జీవి బయటికి వచ్చే ఘట్టానికి ఆయన కడుపు నొప్పే మూలమని చెబుతారు. అలాంటి మనిషి, చచ్చినా నొప్పి పోదు, దాన్ని తగ్గించుకోవడానికే ఇదంతా అని ఒక శవం చేత చెప్పించాడు. ఆ రెంటినీ కలిపి చూడటం నా ఊహే కావచ్చు, నేను మాత్రం విడదీసి చూడలేను.

ఫ్రాంక్ ఉంగరం దృశ్యం కూడా ముందు స్క్రిప్టులో ఉన్నది కాదు. ఆ పాత్ర వేసిన జేమ్స్ కేరెన్ సూచించినదే. నవ్వించే పాత్రను మోసిన నటుడే దాన్ని అలా ముగించాలని అడిగాడంటే, ఆ బరువు ఆయనకు ముందే తెలిసి ఉండాలి.

వనపర్తి_వైద్యుడు
పాలమూరు గారి మాటతో ఒక వైద్యుడిగా ఏకీభవిస్తాను. దీర్ఘకాలం నొప్పితో బతికే రోగులు దాని గురించి హాస్యంగానే ఎక్కువ చెబుతారు. ఏడుస్తూ చెబితే వినేవాళ్లు పారిపోతారని వాళ్లకు తెలుసు.

సోమశిల_పడవ
తరువాత వచ్చినవాళ్లు ఈ చిత్రం నుంచి ఏం తీసుకున్నారు, ఏం వదిలేశారు అన్నది నాకు ముఖ్యం. మెదళ్లు తీసుకున్నారు. నవ్వూ భయమూ ఒకే గిన్నెలో కలపవచ్చన్న ధైర్యం తీసుకున్నారు. 2004లో ‘షాన్ ఆఫ్ ది డెడ్’, 2013లో మన తెలుగువాళ్లే అయిన రాజ్, డీకే హిందీలో తీసిన ‘గో గోవా గాన్’, 2021లో ప్రశాంత్ వర్మ తీసిన ‘జాంబీ రెడ్డి’ అన్నీ ఆ దారి తెరుచుకున్నాక నడిచినవే. ‘జాంబీ రెడ్డి’ కథ మాకు నది అవతల కర్నూలు ప్రాంతంలో జరుగుతుంది. మా ఊరి పిల్లలు దాన్ని సొంత సినిమాలా చూశారు, నేనూ వాళ్లతో కూర్చుని ఈలలు వేశాను.

కానీ వీటన్నిటిలో కాటు వల్ల జబ్బు అంటుకుంటుంది. కాటు అంటే ఎదుట మనిషి ఉంటాడు, కొట్టవచ్చు, తలుపు వేసుకోవచ్చు. 1985 చిత్రంలో అంటుకునేది వాయువు వల్ల, వాన వల్ల. తలుపు ఎవరి మీద వేస్తారు? ఒక్క శవాన్ని దాచబోయి కాలుస్తారు, ఆ పొగ శ్మశానమంతటినీ లేపుతుంది. చివరికి సైన్యం ఊరి మీదే అణ్వస్త్రం వేస్తుంది, మళ్లీ వాన మొదలవుతుంది. తప్పును కప్పిపుచ్చేందుకు చేసిన ప్రతి పనీ దాన్ని పెద్దది చేసింది. మర్రిగూడ గారు పట్టుకున్నది ఈ కొసనే. తరువాతి చిత్రాలు దీన్ని అందుకోలేదన్నది నా ఫిర్యాదు.

భువనగిరి_బండ
దీని సొంత కొనసాగింపులే అందుకోలేదు. 1988లో వచ్చిన రెండో భాగంలో జేమ్స్ కేరెన్, ఫ్రెడ్డీగా వేసిన థామ్ మాథ్యూస్ ఇద్దరినీ వేరే పాత్రల్లో తెచ్చి, మళ్లీ అదే అవస్థ పెట్టి నవ్వించబోయారు, తేలిపోయింది. 1993లో బ్రయాన్ యూజ్నా తీసిన మూడో భాగం మాత్రం చూడదగినది. అందులో చనిపోయి లేచిన అమ్మాయి తన ఆకలిని ఆపుకోవడానికి తన ఒంటినే గాజు పెంకులతో గుచ్చుకుంటుంది. ఒక నొప్పితో ఇంకో నొప్పిని అణచడం అన్నమాట. ఆ ముసలి శవం చెప్పిన మాటను గుర్తుపెట్టుకున్నది అదొక్కటే. నవ్వు మాత్రం అందులో దాదాపు లేదు.

గద్వాల_అంచు
అదే నేను అంటున్నది కూడా. రెండో భాగం నవ్వును మాత్రమే తీసుకుంది, మూడోది నొప్పిని మాత్రమే తీసుకుంది. రెండూ మొదటి దాని కాలి గోటికి సరిపోలేదు. నేను ‘హాస్య చిత్రమే’ అని మొదట అన్న మాటలో ‘ఏ’ తీసేస్తాను, ‘హాస్య చిత్రం’ మాత్రం ఉంచుతాను. పానగల్లు గారూ, పెదనాన్న గారు ఏమన్నారు?

పానగల్లు_చెరువు
మీరు రాసినవన్నీ చదివాక ధైర్యం చేసి నిన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. క్షమించమని అడగబోతే, కూర్చో అన్నారు.

మా పెద్దమ్మ పోయి మూడు నెలలు. దహనానికి ముందు ఒంటి మీది బంగారం తీస్తారు కదా, ఆ పని ఆయనే చేశారట. ముక్కుపుడక వచ్చింది, పుస్తెలు వచ్చాయి, వేలి ఉంగరం రాలేదు. చివరి రోజుల్లో చేతులకు వాపు వచ్చింది. ఎవరో కత్తిరిద్దామంటే ఆయన ఒప్పుకోక, గిన్నెలో సబ్బు నీళ్లు తెప్పించి, ఆమె చేయి తన ఒళ్లో పెట్టుకుని, వేలు రుద్దుతూ రుద్దుతూ పావుగంటకు తీశారట. బయట డప్పు మొదలైంది, తొందర పెడుతున్నారు, ఆయనకు ఏదీ వినపడలేదట. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మాకు చెప్పనే లేదు.

‘వాడి ఉంగరం వాడే తీసుకున్నాడు రా, ఒకరికి ఆ పని పెట్టలేదు’ అన్నారు.

సినిమా బాగాలేదనా లేచిపోయారు అని అడిగాను. కాదు, అందరూ నవ్వుతున్న చోట ముసలాయన ఏడిస్తే పిల్లలు భయపడతారని దిగిపోయాను అన్నారు. ఆ తరువాత ఏం జరిగిందో చెప్పమన్నారు. అణ్వస్త్రం సంగతి, మళ్లీ వాన పడే సంగతి చెప్పాను. తల ఊపి, చెబితే లాభం లేదు, చూపించు అన్నారు.

ఆదివారం ప్రొజెక్టర్ మళ్లీ తెస్తున్నాను. ఈసారి మేడ మీద మేమిద్దరమే. కుక్క దగ్గర నుంచి పెట్టమన్నారు.